మౌస్ ఏ చేతిదో బల్ల తేల్చకూడదు

కంప్యూటర్ ల్యాబులూ ఆఫీసు బల్లలూ అమర్చేవారికి, కీబోర్డులూ మౌసులూ తయారుచేసేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను పిల్లలకు కంప్యూటర్ నేర్పే టీచర్ని. ప్రతి ఏడాదీ కొత్తగా ల్యాబులోకి అడుగుపెట్టే పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పేది నేనే. ఆ మొదటి గంటలో జరిగే ఒక చిన్న సంగతి కొంతకాలంగా నా మనసును తొలుస్తోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక అమ్మాయి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. మౌస్ కీబోర్డుకు కుడిపక్కన ఉంటుంది. ఆ పిల్ల ఎడమచేయి చాచి, కీబోర్డు మీదుగా మౌస్ అందుకుని తనవైపు లాక్కుంటుంది. వైరు ఎక్కడో వెనకాల బిగుసుకుని ఉంటుంది, రాదు. ఇంకోసారి లాగుతుంది. పక్కవాళ్లను చూస్తుంది. అందరూ కుడిచేత్తో పట్టుకుని ఉంటారు. మౌస్‌ని ఎక్కడిదక్కడ పెట్టేసి తనూ కుడిచేయి వేస్తుంది. ఇదంతా పది సెకన్లు కూడా పట్టదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చేయి పట్టుకుని మార్చలేదు. మరుసటి వారం ఆ పిల్ల మళ్లీ వచ్చినప్పుడు ఎడమచేయి మౌస్ కోసం లేవదు.

ఆ పది సెకన్లను నేను ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. నేనూ ఆ పిల్లలాగే నేర్చుకున్నదాన్ని మరి. ఎడమచేత్తో రాస్తాను, ఎడమచేత్తో కత్తెర పడతాను, బంతి ఎడమచేత్తోనే విసురుతాను. మౌస్ మాత్రం కుడిచేత్తో. అలా ఎందుకని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కుడి భుజం నొప్పి మొదలై, చేతికి విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పిన రోజున మొదటిసారి మౌస్‌ని ఎడమపక్కకు జరిపాను.

నాది ఎడమచేతి వాటమే కదా, అదే రోజు అలవాటైపోతుంది అనుకున్నాను. కాలేదు. దాదాపు మూడు వారాలు పట్టింది. అక్షరాలు చెక్కినట్టు రాసే అదే చేత్తో ఒక ఫైలు మీద రెండుసార్లు వెంటవెంటనే నొక్కలేకపోయాను. బాణం గుర్తు చేరాల్సిన చోటు దాటి వెళ్లిపోయేది. దేన్నయినా పట్టి లాగి ఇంకోచోట వదలాలంటే చేయి వణికేది. పుట్టినప్పటి నుంచి నాకు ఆసరాగా ఉన్న చేయి ఈ ఒక్క పనిలో పసిపిల్ల చేయిలా అయిపోయింది. ఆ మూడు వారాల్లో నాకు అర్థమైనదే ఈ ఉత్తరంలో చెప్పాలనుకుంటున్నాను. పుట్టుకతో వచ్చిన వాటం ఎంత గట్టిదైనా, కొత్త పని ఒకటి ఎదురైనప్పుడు అది ఏ చేతికి దక్కుతుందన్నది చాలాసార్లు వాటం తేల్చదు. వస్తువు ఏ పక్కన పెట్టి ఉందో, అదే తేల్చేస్తుంది.

బల్ల అమరిక మనిషి వాటాన్ని మూలంనుంచి మార్చేస్తుందని నేను అనడం లేదు. వాటం చాలా ముందే మొదలవుతుంది. పీటర్ హెప్పర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి, గర్భంలో ఉన్న శిశువులు ఏ చేతి బొటనవేలు చప్పరిస్తున్నారో స్కానింగులో చూశారు. అదే పిల్లలను 10, 12 ఏళ్ల వయసులో మళ్లీ కలిశారు. 2005లో అచ్చయిన ఆ ఫలితాల్లో, కుడి బొటనవేలు చప్పరించిన 60 మందీ కుడిచేతి వాటం వాళ్లే. ఎడమ బొటనవేలు చప్పరించిన 15 మందిలో 10 మంది ఎడమచేతి వాటంతోనే ఉన్నారు, మిగతా 5 గురు కుడిచేతి వాళ్లుగా కనిపించారు. ఆ 5 గురి గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. కుడివైపు మొగ్గినవాళ్లలో ఒక్కరూ ఇటు రాలేదు, ఎడమవైపు మొగ్గినవాళ్లలో మూడోవంతు అటు కనిపించారు. ఎందుకలా జరిగిందో ఆ లెక్క చెప్పదు. చుట్టూ ఉన్న వస్తువులు ఏ చేతికి అనువుగా ఉన్నాయో తెలిసినవాళ్లకు మాత్రం అది వింతగా అనిపించదు.

చిన్నప్పుడు రాతను ఎడమనుంచి కుడికి మార్పించుకున్నవాళ్ల మెదడును, వాళ్లు పెద్దయ్యాక కుడిచేత్తో రాస్తుండగా స్కాన్ చేసి చూసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. కుడిచేతిని నడిపేది ప్రధానంగా మెదడులోని ఎడమ భాగం. అయినా దశాబ్దాల తర్వాత కూడా వాళ్లలో, పుట్టు కుడిచేతి వాళ్లతో పోలిస్తే, కుడి భాగం ఎక్కువగా పాలుపంచుకుంటోంది. అంటే చేయి మారింది గానీ లోపలి మొగ్గు పూర్తిగా పోలేదు. బలవంతంగా చేయి మార్చడం తప్పని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. పెన్సిలు విషయంలో ఒప్పుకున్నదాన్ని మౌస్ విషయంలో ఎవరూ ఆలోచించలేదు, అంతే. ఇక్కడ బెత్తం పట్టుకున్న మనిషి లేడు కాబట్టి అది మార్పించడంలా కనిపించదు.

వాటాన్ని కొలిచే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది 1971లో ఓల్డ్‌ఫీల్డ్ ప్రచురించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి. రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, పళ్లు తోమే బ్రష్, కత్తి, చెంచా, చీపురు పట్టినప్పుడు పైన ఉండే చేయి, అగ్గిపుల్ల గీయడం, పెట్టె మూత తీయడం, ఇలా పది పనులు. ఒక్కో పనికి ఏ చేయి వాడతారని అడుగుతారు. వాటం అనేది ఒకే ఒక స్విచ్చు కాదని, పనుల వారీగా చూడాల్సినదని ఆ జాబితాలోనే ఉంది. అందులో మౌస్ లేదు, ఆనాటికి అది ఇళ్లలోకి రాలేదు కూడా. ఇప్పుడు చేరిస్తే నాలాంటివాళ్లు చాలామంది ఆ వరుసలో కుడి అని టిక్కు పెడతారు. ఆ టిక్కు మా చేతుల గురించి చెప్పినదానికంటే మా బల్లల గురించే ఎక్కువ చెబుతుంది.

ఈ అమరిక ఇలా ఎలా వచ్చిందని వెతికితే, ఎవరో కూర్చుని కుడిచేతి కోసం ఆలోచించి చేసినట్టు కనిపించదు. ఒక్కొక్కరు ఒక్కో కాలంలో ఒక్కో ముక్క తెచ్చి తగిలించారు. క్రిస్టఫర్ షోల్స్ రూపొందించిన టైప్‌రైటర్ 1874లో అమ్మకానికి వచ్చింది. మనం ఇవాళ్టికీ వాడే ఇంగ్లిష్ అక్షరాల వరుస దాని నుంచి వచ్చినదే. చిత్రమేమిటంటే ఆ వరుసలో పని ఎక్కువగా పడేది ఎడమచేతి మీద. ఇంగ్లిష్‌లో తరచూ వచ్చే ఈ, ఏ, టీ, ఆర్, ఎస్ అన్నీ ఎడమవైపే ఉన్నాయి. ‘వాటర్’ అనే ఇంగ్లిష్ మాట మొత్తం ఎడమచేయి ఒక్కటే కొడుతుంది, ‘మిల్క్’ మొత్తం కుడిచేయి ఒక్కటే కొడుతుంది. కావాలంటే కీబోర్డు మీద చూడండి. ఆ తర్వాత వచ్చిన చాలా టైప్‌రైటర్లలో వరుస పూర్తయ్యాక కాగితం ఉండే బండిని తోసే లీవరు కూడా ఎడమపక్కనే ఉండేది. ఎడమచేతి మీద ఇంత భారం ఎందుకని ప్రశ్నించినవాళ్లలో ఆగస్ట్ డ్వొరాక్ ఒకరు. ఆయన 1936లో పేటెంట్ తీసుకున్న వరుసలో అచ్చులన్నీ ఎడమచేతికి, ఎక్కువగా వాడే హల్లులు కుడిచేతికి వచ్చాయి. తర్వాతి కాలంలో ఒక్క చేయే ఉన్నవాళ్ల కోసం ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి విడివిడి డ్వొరాక్ వరుసలు కూడా వచ్చాయి. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అనే అక్షరాల వరుస ఉన్న మన తెలుగు కీబోర్డులోనూ ఇదే తీరు. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమవైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. ‘కాకి’ అని కొడుతుంటే రెండు చేతులూ వంతులవారీగా లేస్తాయి. నాకు అది చూడముచ్చటగా ఉంటుంది.

అంటే అక్షరాల దగ్గర కుడిచేతికి ప్రత్యేకమైన పెద్దపీట ఏమీ లేదు. ఎంటర్, బ్యాక్‌స్పేస్ కుడివైపు ఉన్న మాట నిజమే. అసలు మొగ్గు వచ్చింది అక్షరాల పక్కన చేరిన వాటితో. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ కీబోర్డులో అంకెల గడి, అంటే అంకెల మీటల గుంపు, కుడిచివర ఉంది. కొన్నేళ్లకే అక్షరాలకూ అంకెలకూ మధ్య బాణం కీల వరుస కూడా వచ్చి చేరింది. మౌస్ కథ వేరు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో మొదటి మౌస్ చేసింది. 1968లో ఆయన దాన్ని అందరిముందూ చూపించినప్పుడు కుడిచేతి కింద మౌస్ ఉంది, ఎడమచేతి కింద అయిదు మీటలున్న చిన్న పరికరం ఉంది. రెండు చేతులూ సమానంగా పనిలో ఉండాలన్నది ఆయన ఊహ. అయిదు మీటల పరికరం కాలంలో కలిసిపోయింది. మౌస్ మాత్రం కుడిపక్కనే ఉండిపోయింది. తర్వాత కట్, కాపీ, పేస్ట్‌లకు ఎడమమూలనున్న మీటలు వచ్చాయి. ఆటలాడే పిల్లలు నడవడానికి ఎడమచేతి కింది నాలుగు మీటలూ, గురిపెట్టడానికి కుడిచేతి మౌసూ వాడతారు. పని ఇలా పంచబడింది: ఎడమచేయి ఒకచోట ఉండి మీటలు నొక్కాలి, కుడిచేయి కదులుతూ గురి చూడాలి. ప్రపంచంలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ పంపకం తిరగబడి ఉంటుంది.

ఇప్పుడు దయచేసి ఒక స్కేలు తీసుకోండి. ఇది రాయడం కంటే కొలిచి చూడటమే మేలు.

మామూలు కీబోర్డులో ఒక మీట మధ్యనుంచి పక్క మీట మధ్యకు దాదాపు 19 మిల్లీమీటర్లు. అంకెల గడితో కలిపి మొత్తం కీబోర్డు వెడల్పు ఇంచుమించు 44 సెంటీమీటర్లు. కానీ టైపు చేసేటప్పుడు మన శరీరం నిలిచేది కీబోర్డు నడుమన కాదు. ఎఫ్, జె మీటల మీద చిన్న బొడిపెలు ఉంటాయి, చూపుడువేళ్లు అక్కడ ఆనుతాయి, ఆ రెండింటి నడుమకు మన ముక్కు ఎదురుగా ఉంటుంది. అక్కడినుంచి కీబోర్డు ఎడమ అంచుకు సుమారు 14 సెంటీమీటర్లు. కుడి అంచుకు సుమారు 30. కుడిచేత్తో మౌస్ పట్టాలంటే ఆ 30 దాటి అవతలికి వెళ్లాలి. ఎడమచేత్తో అయితే 14 దాటితే చాలు.

ఈ లెక్క చూసి నేను కాసేపు కదలకుండా కూర్చున్నాను. కుడిచేతి వాళ్ల కోసం చేసిన కీబోర్డు అని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజానికి అది కుడిచేతి వాళ్ల భుజాన్నే రోజంతా పక్కకు లాగి ఉంచుతోంది. ఒంటినుంచి దూరంగా చాచిన చేతిని అలా నిలిపి ఉంచడానికి భుజం, మెడ కండరాలు ఆపకుండా పనిచేస్తూనే ఉండాలి. నా నొప్పికి ఇదొక్కటే కారణమని చెప్పలేను, కానీ మౌస్ ఎడమకు మారాక అది తగ్గింది. అంకెల గడి లేని కీబోర్డు అయితే వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లే. ఎనిమిది సెంటీమీటర్లు దగ్గరకు వచ్చినట్టు. పెద్దవాళ్లకే ఇది తేడా అయితే, చిన్నపిల్లల బుల్లి భుజాలకు ఎంత తేడానో ఆలోచించండి. వాళ్లు లెక్కలు ఎంట్రీ చేయరు, ఆ అంకెల గడి వాళ్లకు దేనికీ పనికిరాదు. అయినా ప్రతి ల్యాబులోనూ అదే కీబోర్డు ఉంటుంది.

ఎడమచేతి వాళ్లందరినీ ఎడమకు మార్చండి అని నేను అడుగుతున్నానేమో అనుకోవద్దు. అలా చేస్తే అదీ ఒక బలవంతమే అవుతుంది. కుడిచేత్తో మౌస్ పట్టడంలో నాకొక లాభం ఉండేది. ఎడమచేతిలో పెన్ను ఉంచుకునే తెరమీద పేజీలు తిప్పేదాన్ని, మార్కులు రాసుకుంటూ పోయేదాన్ని. మౌస్ ఎడమకు రాగానే పెన్నూ మౌసూ ఒకే చేతి కోసం పోటీపడ్డాయి. ఇప్పుడు పేపర్లు దిద్దే రోజుల్లో మౌస్ కుడికి, మిగతా రోజుల్లో ఎడమకు పెట్టుకుంటున్నాను. నా మాట విని మౌస్‌ని ఎడమకు మార్చుకున్న కుడిచేతి వాటం సహోద్యోగి ఒకావిడ ఉంది. ఆమెకు మొదటిసారి పెన్ను చేయి ఖాళీ అయింది. అంకెల గడి మీద కుడిచేయి ఉంచి, ఎడమచేత్తో మౌస్ తిప్పుతుంటే పని నిజంగానే చకచకా సాగుతోందని చెప్పింది. రెండు చేతులతోనూ బాణం వేయగలిగినవాడు కాబట్టే అర్జునుడిని సవ్యసాచి అన్నారు. మనకంత నేర్పు అక్కర్లేదు, ఒక చేయి అలసినప్పుడు రెండోది అందుకోగలిగితే చాలు.

ఈ ఏడాది ల్యాబులో ఒక చిన్న మార్పు చేశాను. పిల్లలు రాకముందే మౌసులన్నిటినీ కీబోర్డు అవతల, సరిగ్గా నడిమధ్యన పెట్టాను. వైర్లు విప్పి, రెండు పక్కలకూ అందేలా వదులు చేశాను. వైరు మరీ పొట్టిగా ఉన్నచోట తోటి టీచరు దగ్గర అడిగి పొడిగింపు వైరు తెచ్చాను. ఏ చేత్తో పట్టుకోవాలో చెప్పలేదు. ఎక్కువమంది కుడిచేత్తోనే తీసుకున్నారు. కొందరు ఎడమచేత్తో తీసుకున్నారు. ఇంకొందరు ఇటు పెట్టి, అటు పెట్టి చూసుకున్నారు. కుడిచేత్తో రాసే ఒక బాబు ఎడమచేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు, ఇప్పటికీ అలాగే వాడుతున్నాడు. ఎడమచేత్తో రాసే ఒక పాప కుడిచేయే బాగుందంది. రాసే చేతిని బట్టి నేనే తేల్చి ఉంటే ఆ ఇద్దరికీ అన్యాయం జరిగేది.

మాటలు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ‘లెఫ్ట్ క్లిక్ చెయ్యి’ అంటే ఎడమచేత్తో మౌస్ పట్టిన పిల్లకు చూపుడువేలి కింద ఉండేది రైట్ బటన్. గందరగోళపడి చేయి మార్చేసుకుంటుంది. అందుకని ఇప్పుడు ‘చూపుడువేలి బటన్’, ‘పక్కవేలి బటన్’ అంటున్నాను, అడిగిన పిల్లలకు సెట్టింగుల్లో బటన్లు తిప్పి ఇస్తున్నాను. కానీ ఆ కంప్యూటర్ మీద తర్వాతి గంటలో ఇంకో పిల్లవాడు కూర్చుంటాడు. బటన్లు తిరగబడి ఉండేసరికి మౌస్ పాడైందంటాడు. మళ్లీ పాత తీరుకు మార్చాలి. నలభైమంది పిల్లలున్న క్లాసులో ఇది ఎంత టెన్షనో మీలో పాఠం చెప్పినవాళ్లకు తెలుస్తుంది. మౌస్ తయారుచేసేవారికి నా మొదటి విన్నపం ఇక్కడే. బటన్లు తిప్పే చిన్న మీట ఒకటి మౌస్ అడుగునే పెట్టండి. సాఫ్ట్‌వేరులో వెతుక్కునే పని ఉండకూడదు. ఒక్క చేతికే సరిపోయేలా వంపు తిప్పిన మౌసులను ల్యాబుల కోసం అమ్మకండి. రెండు పక్కలా ఒకేలా ఉండేవి చాలు.

కీబోర్డు తయారుచేసేవారు అంకెల గడిని విడిగా ఇవ్వవచ్చు. కావలసినవాళ్లు కుడికో ఎడమకో పెట్టుకుంటారు, అక్కర్లేనివాళ్లు అల్మరాలో పెడతారు. బల్లలు చేసేవారిని ప్రత్యేకంగా అడగాలి. కీబోర్డు ట్రేకు కుడిపక్కన మాత్రమే మౌస్ పలక బిగించి, ఎడమపక్కన కర్ర అడ్డం పెట్టిన బల్లలు నేను చాలా చూశాను. అలాంటి బల్ల ముందు ఎడమచేతి పిల్లకు ఎంచుకునే వీలే లేదు. ట్రే రెండు వైపులా ఒకే వెడల్పు ఉంచండి, లేదంటే ఆ పలకను ఎటు కావాలంటే అటు బిగించుకునేలా చేయండి. ఇక కంప్యూటర్ పెట్టెను కుడికాలి దగ్గర పెట్టి వైర్లన్నీ అటే కట్టేసే అలవాటు మీ మనుషులకు ఉంది. కట్టేముందు ఒక్కసారి మౌస్‌ని ఎడమ అంచుదాకా లాగి చూడమని వాళ్లకు చెప్పండి. ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు కుర్చీ ఎత్తు అడుగుతారు, తెర ఎత్తు అడుగుతారు. మౌస్ ఏ పక్కనో కూడా అడగండి.

తోటి టీచర్లకూ ఒక మాట. పిల్ల కుడిచేత్తో మౌస్ పట్టిందని చూసి, ఆ పిల్లది కుడిచేతి వాటమేనని రిజిస్టరులో రాయకండి. ల్యాప్‌టాప్ ఉంటే దాని ముందు కూర్చోబెట్టండి. అందులో తాకే పలక (టచ్‌ప్యాడ్) నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఏ చేయి ముందు లేస్తుందో చూడవచ్చు. నా క్లాసులో మౌస్ కుడిచేత్తో, తాకే పలక ఎడమచేత్తో వాడే పిల్లలు ఉన్నారు. పేపర్లు దిద్దే రోజుల్లో నేనూ అంతే.

మీ దగ్గర ఖర్చుల లెక్క ఉంటుందని తెలుసు. నేను అడిగినవాటిలో సగానికి డబ్బే అక్కర్లేదు, వైరును ఇంకో పక్కనుంచి తిప్పి పెడితే సరిపోతుంది. వచ్చే ఏడాది మొదటి రోజున మళ్లీ ఒక పిల్ల ఎడమచేయి చాచి మౌస్‌ని తనవైపు లాక్కుంటుంది. అది ఆమె దగ్గరికి వచ్చేంత పొడవు వైరు ఇవ్వండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ టీచర్